ఊదుబత్తి

నల్లకుంటల ఇల్లు చూసిన దినం
తాళంచెవి ఇయ్యకముందు
విశాలాక్షమ్మ గారు ఒక్కటే అడిగింది:
"మీరు ఏం తింటారండీ?"
"అన్నం" అన్నడు మా ఆయన.
ఆ ఒక్క మాట మీద
పదకొండేండ్లు కిరాయికున్నం.

ఎండు రొయ్యలు వేయించేముందు
కిటికీ రెక్కలు ఏసి
రెండు ఊదుబత్తులు ముట్టియ్యాలె.
ఆదివారం బొక్క కొట్టే చప్పుడు వినపడకుండ
టీవీ పెద్దగ పెట్టాలె.
తిన్న బొక్కలు నల్లకవర్ల కట్టి
ఫీవర్ హాస్పిటల్ దాటినంక
మూడో కుండీల ఏసొచ్చెటోడు ఆయన,
ఏదో దొంగసొమ్ము దాచినట్టు.

ఊదుబత్తి వాసనొస్తే చాలు
పిల్లలు కంచాలు కడుక్కొని కూసుండెటోళ్లు.
ఓసారి గుళ్లె చిన్నోడు గట్టిగ అడిగిండు:
"అమ్మా, దేవుడు గూడ రొయ్యలే వండుతుండా?"
వాని నోరు మూసిన.
నవ్వొచ్చిందో, భయమైందో
ఇప్పటికీ చెప్పలేను.

నవత బడిల
డబ్బా మూత సగమే తీసి తినుడు నేర్చింది.
మొదట కూర వద్దన్నది,
తర్వాత రొట్టె వద్దన్నది.
"అందరు ఏం తెస్తరే?" అంటె
"అందరు ఒక్కటే తెస్తరు మమ్మీ" అన్నది.
పొట్లంల నూడుల్సు, రెండు నిమిషాల పని.
నాకూ సుఖమే అనిపించింది, అబద్ధమెందుకు.

ఓ ఎండకాలం
మా అమ్మ మోత్కూరు నుంచి వచ్చింది.
కొంగు ముడిల ఏదో గట్టిగ, నల్లగ,
ఉప్పు తేలినవి.
తలుపు దగ్గర్నే ఆమె చెయ్యి పట్టుకొని
"ఇక్కడ ఆ పేరు పలుకకు" అన్న.
ఆమె నన్నేమన్లేదు.
సాయంత్రం బస్సుకే పోయింది, మూటతోని.
ఉప్పల్ దాటేదాక
ఒక్కొక్కటి నములుకుంట పోయుంటది.

ఇంక ఆ రాత్రి సంగతి.
పదిన్నర. తలుపు చిన్నగ చప్పుడైంది.
విశాలాక్షమ్మ గారి మనుమడు, ప్రద్యుమ్న.
చేతిల బిర్యాని కవరు, ఇంకా వేడిగనే ఉన్నది.
దాన్ని తెచ్చిన పోరడు గల్లీ చివర బండి తిప్పుతుండు.
"ఆంటీ, మీ ఇంట్లో కూర్చుని తినొచ్చా?"
రమ్మన్న. పీట ఏసిన.
కవరు ముడి విప్పకముందు
తలొంచుకొనే అడిగిండు:
"ఊదుబత్తి వెలిగిస్తారా?"

అప్పుడు తెలిసింది నాకు.
పైన ఇంట్ల అందరికీ
ఎప్పుడో తెలుసు.

ఇప్పుడు నిజాంపేటల సొంత ఫ్లాటు.
నాలుగో అంతస్తు. అడిగెటోళ్లు లేరు.
ఆయనకు షుగరు, రెండు పుల్కలు.
నవత తెల్లసొన తిని
పచ్చసొన సింకుల ఏస్తది,
జిమ్ముల ఎవలో చెప్పిండ్రట.
చిన్నోనికి ఫోన్ల బొమ్మ చూస్తెనే ఆకలైతది.
నలుగురం నాలుగు యాళ్లలకు తింటం.
రొయ్యలు వేయించిన నాడు
ఎవ్వరూ చెప్పకుండనే
నా చెయ్యి పోయి కిటికీ మూస్తది.
"స్మెల్ మమ్మీ" అంటది నవత,
అదే సగం మూత మొఖంతోని.

మొన్న ఆదివారం
ఎవ్వర్నీ అడుగలే.
సన్నగ, పొడుగ్గ కోపిచ్చుకొచ్చి
ఉప్పు, పసుపు పట్టిచ్చి
బాల్కనీల బట్టల దండానికి
క్లిప్పులు పెట్టి ఏలాడదీసిన.

పక్క ఫ్లాటామె తొంగిచూసింది.
"ఏంటండీ అవి? ఒరుగులా?"
గొంతుల ఏదో అడ్డం పడ్డది.
పదకొండేండ్లది కావొచ్చు.
"తునకలు" అన్న.
మెల్లగనే అన్న గని, అన్న.

ఆమె లోపలికి పోయి
కిటికీ రెక్క ఏసుకున్నది.
ఏసుకోనీ.

రెండు ఎండలు సరిపోతయా, మూడు గావాల్నా,
రాత్రికి లోపల పెట్టాల్నా, మంచుల ఉంచాల్నా
అడుగుదామంటే
అమ్మ లేదాయె.
కాకిని కొట్టుకుంట
స్టూలేసుకొని ఆడనే కూసున్న.